పుట్టపాక రంగు, పానగల్లు నీడ

మొజాయిక్ బొమ్మలు చేయడం నా పని. పగిలిన టైల్స్, అద్దం పెంకులు, గాజుల ముక్కలు నిప్పర్‌తో కత్తిరించి గోడకు అతికిస్తాను. నల్లగొండలో ఒక వరండా గోడకు తేలియా రుమాల్ అనే చేనేత బట్ట నమూనాలో బొమ్మ కావాలన్నారు. ఫొటోలు చూసి చేయబుద్ధి కాలేదు. చౌటుప్పల్ దగ్గర విజయవాడ హైవే వదిలి, సంస్థాన్ నారాయణపురం రోడ్డు పట్టుకుని, ఆ బట్ట నేసే ఊరు పుట్టపాక వెళ్లాను.

నేను వెళ్లిన ఇంట్లో పెద్దమ్మ ఆసు పోస్తోంది. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల మీదుగా పేక నూలును అటూ ఇటూ తిప్పుతూనే ఉంది. చెయ్యి ఆగదు. ఆ పని బాధ చూసే చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆసు అయ్యాక గ్రాఫ్ కాగితం ప్రకారం నూలు మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. తేలియాకైతే అంతకు ముందే నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి పిసకాలి. నూలు పట్టుకుంటే వేళ్లకు ఆ నూనె వాసన అంటుకుంది.

ఎరుపు, నలుపు, తెలుపు. ఈ మూడు రంగులతోనే అంత బొమ్మ. పడుగునూ పేకనూ రెండింటినీ ముందే కట్టి రంగు వేస్తారు కాబట్టి మగ్గం మీద ఆ రెంటి రంగులూ సరిగ్గా కలవాలి. ఎంత కలిసినా అంచు కొంచెం అదురుతుంది. నన్ను పట్టుకున్నది ఆ అదురే.

"రంగు పక్కకు పాకితే ఏం చేస్తరు పెద్దయ్యా?" అని మగ్గం మీదున్న ముసలాయన్ని అడిగాను.

"కొద్దిగ పాకాలె బిడ్డా. పాకకుంటే ప్రింటు బట్ట అంటరు" అన్నాడు, పోగు సర్దుకుంటూనే.

నా పనిలో చిక్కు అక్కడే. టైల్ ముక్క పాకదు. ముక్కకూ ముక్కకూ మధ్య సందు నింపే గ్రౌట్ గీత అడ్డం వస్తుంది.

అదే ఆలోచనతో నార్కట్‌పల్లి మీదుగా నల్లగొండ చేరి పానగల్లు వెళ్లాను. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది శిల్పాలు బాగున్నాయి, కానీ మనసు ఛాయా సోమేశ్వరాలయం మీదే ఉంది. పొలాల మధ్య కందూరు చోడుల కాలం నాటి గుడి అది. మూడు గర్భగుళ్లు, మధ్యలో ఒకే మండపం. ఒక గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. అందరూ అది ఏ స్తంభం నీడా అని వెతుకుతున్నారు. నేను నీడ అంచునే చూస్తూ కూర్చున్నాను. గీత గీసినట్టు తెగిపోలేదు. పలు దిక్కుల నుంచి వచ్చే వెలుతురులో నలుపు మెల్లగా పలచబడి రాతిలో కలిసిపోతోంది.

ఇక్కడా అంచు మెత్తనే. పాత రోమన్ మొజాయిక్ పనివాళ్లు ఇలాంటి చోట రెండు రంగుల ముక్కలను దువ్వెన పళ్లలా ఒకదాంట్లో ఒకటి దూర్చేవారు. దూరం నుంచి చూస్తే కన్నే ఆ రెంటినీ కలుపుకుంటుంది. వరండా గోడకూ అదే చేస్తాను. తెల్ల గ్రౌట్ బదులు ఎరుపుకూ నలుపుకూ మధ్య రంగు గ్రౌట్ కలపాలి.

తిరుగు దారిలో ఒక టైల్స్ షాపులో ముదురు ఎరుపు, ఇటుక రంగు, గోధుమ రంగు ముక్కలు ఏరుకున్నాను. నలుపు ఇంట్లోనే ఉంది.