కరెంటు యాప్ నా ఫోన్‌లో ఎందుకు మిగిలింది

2024 జూలై దాకా మా ఇంట్లో ఎవరి ఫోన్‌లోనూ కరెంటోళ్ల యాప్ లేదు. అవసరమే రాలేదు. బిల్లు రాగానే ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో కట్టేసేవాళ్లం. ఆ నెల ఒకటో తారీఖు నుంచి ఆ దారి మూసుకుపోయింది. బిల్లుల చెల్లింపులు భారత్ బిల్ పే వ్యవస్థ ద్వారానే జరగాలని రిజర్వ్ బ్యాంకు చెప్పిందట. డిస్కంలు, అంటే మనకు కరెంటు పంపిణీ చేసే సంస్థలు, అప్పటికింకా అందులోకి రాలేదు. అందుకని మా వెబ్‌సైట్‌లోగానీ, యాప్‌లోగానీ కట్టండని ప్రకటన ఇచ్చాయి. జనం యాప్ వేసుకున్నది మోజుతో కాదు, గడువు తేదీ మెడ మీదకొచ్చి.

మా ఇంట్లో బిల్లుల పని నాది. మేముండే ఫ్లాట్‌దీ, ఊళ్లో అమ్మ ఇంటిదీ నేనే కడతాను. యాప్ వేసుకుని సర్వీస్ నంబరు కొట్టాను. ఓటీపీ పంపాం అంది. నా ఫోన్‌కి ఏమీ రాలేదు. కింద చిన్నక్షరాల్లో నంబరు చివరి అంకెలు కనిపిస్తే అప్పుడర్థమైంది, అది బిల్డర్ ఆఫీసు నంబరు. మీటరు మా ఆయన పేరు మీదికి మారి చాలా కాలమైంది, ఫోన్ నంబరు మాత్రం పాతదే ఉండిపోయింది. బిల్డర్‌కి ఫోన్ చేస్తే, ఆ సిమ్ ఎవరి దగ్గరుందో వాళ్లకే తెలీదు.

యాప్‌లో నంబరు మార్చుకుందామంటే దానికీ పాత నంబరుకే ఓటీపీ వెళ్తుంది! చివరికి ఈఆర్వో ఆఫీసుకే, అంటే కరెంటు బిల్లుల లెక్కలు చూసే ఆఫీసుకే, వెళ్లాల్సి వచ్చింది. తెల్లకాగితం మీద దరఖాస్తు, ఆధార్ జిరాక్స్, పాత బిల్లు. కౌంటర్లో ఉన్నాయన నా బిల్లు చూసి, "మీ అపార్ట్‌మెంట్ వాళ్లేనా మేడమ్, పొద్దున్నుంచి మీవాళ్లే వస్తున్నారు" అన్నాడు. లైన్లో నిలబడకుండా ఉండటానికి పెట్టిన యాప్ కోసం అందరం లైన్లో నిలబడ్డామన్నమాట. నంబరు మారాక మాత్రం యాప్ చక్కగా తెరుచుకుంది.

అమ్మ ఇంటి సర్వీస్ నంబరు సంపాదించడం ఇంకో కథ. బిల్లు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమన్నాను. మీటర్ రీడర్ నడుముకున్న మిషన్లోంచి చింపి ఇచ్చే పొడుగాటి కాగితం అది. అమ్మ దాన్ని దేవుడి పటం వెనక దోపుతుంది, నెల తిరిగేలోపు అక్షరాలు సగం చెరిగిపోతాయి. ఫోటోలో మిగిలిన సగం మీద ఆమె బొటనవేలు. చివరికి పక్కింటి పిల్లాడు నంబరు చదివి చెప్పాడు.

ఇంత తంటా పడ్డాక, కొన్నాళ్లకే డిస్కంలు భారత్ బిల్ పేలో చేరాయి, ఫోన్‌పే మళ్లీ పనిచేసింది. మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది యాప్ తీసిపారేశారు. వాళ్లను తప్పుపట్టను. బిల్లు కట్టడం ఒక్కటే పనైతే, పాలకీ కూరగాయలకీ రోజూ వాడే యాప్ ఉండగా ఇంకోటి ఎందుకు?

ఫిర్యాదుల సంగతికొస్తే యాప్ నన్ను మెప్పించలేదు. ఒక వాన రాత్రి మా వైపు కరెంటు పోయింది. యాప్ తెరిస్తే మళ్లీ లాగిన్ అవమంది. సిగ్నల్ అంతంతమాత్రం, ఓటీపీ వచ్చేసరికి దాని గడువు అయిపోయింది. ఎలాగో ఫిర్యాదు పెట్టాను. కాసేపటికి "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్. ఆ మెసేజ్ చదివింది చీకట్లోనే. ఇక లాభం లేదని 1912కి ఫోన్ చేస్తే మనిషి మాట్లాడాడు, ఫీడర్, అంటే మా వైపు కరెంటు తెచ్చే లైను, ట్రిప్ అయింది, గంట పడుతుంది అన్నాడు. ఆ గంట అన్న మాటతో ప్రాణం కుదుటపడింది. యాప్‌లో నాకు కావలసింది ఆ ఒక్క వాక్యమే. పరిష్కారం అయిందో లేదో చెప్పాల్సింది ఫిర్యాదు చేసినవాళ్లు గానీ, ఆఫీసులో ఎవరో బటన్ నొక్కితే సరిపోతుందా?

కింది ఫ్లోర్‌లో ఒక్కరే ఉండే ఆంటీ అయితే యాప్ పేరెత్తితేనే ఒప్పుకోలేదు. "ఈ రాత్రి తొమ్మిదిన్నరకు మీ కరెంటు కట్ చేస్తాం, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అంటూ మోసగాళ్లు పంపే మెసేజ్ ఆమెకూ వచ్చింది. ఫోన్ చేసినవాళ్ల చేత ఏదో యాప్ వేయించి, ఫోన్‌ని వాళ్ల చేతుల్లోకి తీసుకుని ఖాతా ఊడ్చేస్తారని టీవీలో చూసింది. కరెంటు పేరుతో వచ్చే ఏ యాప్ అయినా ఆమెకు దొంగదే. నేను చెప్పినా, వాళ్లబ్బాయి అమెరికా నుంచి చెప్పినా వినలేదు. ఆమెను మార్చింది మా లైన్‌మన్. స్తంభం దిగి మంచినీళ్లు తాగుతూ తన ఫోన్లో అదే యాప్ చూపించి, "అమ్మా, ఇది మాదే" అన్నాడు. ఏళ్లుగా చూస్తున్న మనిషి. అక్కడికక్కడే వేయించుకుంది. డబ్బు మాత్రం ఇప్పటికీ కౌంటర్లోనే కడుతుంది, జమ అయిందో లేదో యాప్‌లో చూసుకుంటుంది.

మరి నేనెందుకు ఉంచుకున్నానంటే, అమ్మ ఇంటి కోసం. 2024 మార్చి నుంచి అమ్మకు తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తోంది, నెలకు 200 యూనిట్ల లోపైతేనే. దాటితే మొత్తం కట్టాలి. అసలు తెలంగాణ టారిఫ్‌లో 200 దగ్గరే పెద్ద మెట్టుంది. 200 యూనిట్లకు మొదటి వంద 3.40 చొప్పున, రెండో వంద 4.80 చొప్పున 820 రూపాయలు. 201 అయితే శ్లాబే మారిపోయి మొదటి యూనిట్ నుంచీ 5.10, పైన ఉన్న ఆ ఒక్కదానికి 7.70, మొత్తం 1,027.70. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం వేరే. ఒక్క యూనిట్‌కు రెండు వందలకు పైనే తేడా. ఫోన్‌పే ఎంత కట్టాలో చెబుతుంది. పోయిన రీడింగ్ ఎంత, ఏ తారీఖున తీశారు, పోయిన వేసవిలో ఎన్ని యూనిట్లు కాలింది అన్నవి నేను యాప్‌లోనే చూస్తాను.

అందుకే ఎండాకాలంలో వారానికోసారి అమ్మ చేత మీటరు చదివిస్తాను. మీటరు మీద అంకెలు మారుతూ ఉంటాయి. తేదీ వస్తుంది, టైము వస్తుంది, తర్వాత పక్కన కేడబ్ల్యూహెచ్ అని వచ్చే అంకె మనకు కావలసింది. మొదట్లో అమ్మ టైము చదివి వినిపించేది, ఇప్పుడు సరిగ్గా పట్టుకుంటోంది. పోయిన రీడింగ్ తీసేస్తే ఈ నెల ఇప్పటికే 171 వచ్చింది, రీడర్ రావడానికి ఇంకా వారం ఉంది. కూలర్ రాత్రిపూట మాత్రమే వేసుకోమన్నాను. "ఎండలకు సచ్చిపోమంటవా బిడ్డా, అయితే అయితది, కడదాం" అంటోంది.