చలికి మొరాయించిన డీజిల్ బండి

ఆదిలాబాద్‌లో డిసెంబరు ఉదయాలు ఎలా ఉంటాయో అక్కడివారికి చెప్పనక్కరలేదు. మా పాత డీజిల్ కారు ఆ చలికి మొరాయించడం మొదలుపెట్టింది. సెల్ఫ్ చురుగ్గానే తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. ఎప్పటికో అందుకున్నా ఒకటి రెండు సిలిండర్ల మీదే వణుకుతూ తెల్లపొగ కక్కుతుంది. పక్కన నిలబడితే పచ్చి డీజిల్ వాసన. వేడెక్కాక ఏ లోపమూ కనిపించదు.

ఒక మెకానిక్ బ్యాటరీ మార్చమన్నారు. ఇంకొకరు డీజిల్ పంపు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పాలన్నారు. అది వేల రూపాయల పని. అంతకు ముందు నాకు తేలవలసింది ఒకటే: బండి చలికి మొరాయిస్తోందా, రాత్రంతా కదలకుండా ఉన్నందుకా? ఈ రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయి గనుక విడదీసి చూడాలి.

ఒక ఆదివారం పొద్దున బండిని ఎండలో పెట్టి సాయంత్రం దాకా ముట్టుకోలేదు. మొదటి తిప్పుకే అందుకుంది. పైపుల్లో గాలి చొరబడి డీజిల్ వెనక్కి జారిపోతుంటే ఎండలో నిలిపినా ఇదే బాధ ఉండాలి. బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు, సెల్ఫ్ తిరిగేటప్పుడు కూడా 10కి పైనే. ఇక మిగిలింది హీటర్ ప్లగ్గులు.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ఉండదు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండాలి. చల్లటి సిలిండర్ గోడలు ఆ వేడిని లాగేసుకుంటాయి. కరెంటుతో వేడెక్కి ఆ లోటు తీర్చేవి హీటర్ ప్లగ్గులు. డాష్‌బోర్డు మీద వాటి దీపం సక్రమంగానే వెలిగి ఆరుతోంది గనుక ఎవరికీ అనుమానం రాలేదు. కానీ మా బండిలో ఆ దీపం సమయాన్ని మాత్రమే లెక్కపెడుతుంది, ప్లగ్ వేడెక్కిందో లేదో దానికి తెలియదు.

నాలుగు ప్లగ్గులనూ కలిపే లోహపు పట్టీకి కరెంటు వస్తోంది, అంటే ఆ కరెంటును పంపే స్విచ్చు, రిలే, బాగుంది. ఆ పట్టీ తీయకుండా మల్టీమీటర్ పెట్టకూడదు. ఒక్కటి బాగున్నా అన్నీ బాగున్నట్టే చూపిస్తుంది. తీసి చూస్తే రెండు ప్లగ్గుల నిరోధం ఒక ఓమ్‌కు అటూ ఇటూగా ఉంది, అంటే అవి బాగున్నట్టే. మిగతా రెండింటిలో కరెంటుకు దారే లేదు.

అసలు భయమంతా వాటిని విప్పడంలోనే. ఏళ్ల మసితో సిలిండర్ల పైన మూతలా ఉండే హెడ్‌లో బిగుసుకుపోతాయి. బలం ఉపయోగిస్తే విరిగి ముక్క లోపలే ఉండిపోతుంది, అప్పుడు హెడ్ దింపాల్సిందే. రాత్రి ప్లగ్గుల మొదళ్లలో తుప్పు వదిలించే నూనె పోసి ఉంచాను. మర్నాడు ఇంజన్ వేడిగా ఉండగా పొట్టి పానాతో కాస్త వదులు చేయడం, కాస్త మళ్లీ బిగించడం, ఇంకొంచెం నూనె. ఒక్కోదానికీ ఎంతసేపు పట్టినా తొందరపడలేదు. నాలుగూ క్షేమంగా వచ్చాయి.

పనిచేస్తున్న రెండూ అదే వయసువి గనుక నాలుగూ కొత్తవే వేశాను. ఆ మరుసటి ఉదయం దీపం ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొడితే ఇంజన్ వెంటనే నాలుగు సిలిండర్ల మీదా నిలకడగా నడిచింది. బ్యాటరీ పాతదే, పంపును ఎవరూ ముట్టుకోలేదు.