నడకదారి, సైకిల్ దారి: ముందు చూడవలసింది తెగేచోటు

పట్టణంలో ఇన్ని కిలోమీటర్ల నడకదారి వేశాం, అన్ని కిలోమీటర్ల సైకిల్ దారి వేశాం అని లెక్క చెప్పడం ఏ పాలకవర్గానికైనా అలవాటే. ఆ లెక్క మీద నాకు పెద్దగా గురి లేదు. ఇంటి నుంచి బడి 2 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. అందులో 1,950 మీటర్లు చెట్ల నీడన హాయిగా సాగిపోయి, మిగిలిన 50 మీటర్లు మాత్రం పెద్ద రోడ్డు కూడలిలో లారీల మధ్య నుంచి దాటవలసి వస్తే, ఏ తల్లీ తన పదేళ్ల పిల్లను సైకిల్ మీద ఒంటరిగా పంపదు. ఆ కుటుంబం వరకు అక్కడ దారి లేనట్టే. అందుకే దారుల పటం ఏది చేతికి వచ్చినా నేను మొదట పొడవు చూడను, అది ఎక్కడెక్కడ తెగిందో వెతుకుతాను. కూడలిలో, కల్వర్టు మీద, పైపు కోసం తవ్వి పూడ్చిన చోట, గేటు దగ్గర, చెట్టు మొదట్లో ఈ దారులు తెగుతూ ఉంటాయి. కొన్ని పటం గీసిన నాడే తెగుతాయి, కొన్ని వేసిన రెండేళ్లకు తెగుతాయి. గీసేవాళ్లు వేరు, వేసేవాళ్లు వేరు, ఊడ్చేవాళ్లు వేరు కావడం వల్ల ఈ రెండో రకానికి సాధారణంగా ఎవరూ జవాబుదారీ కారు.

సైకిల్ దారులకు ఉండవలసిన లక్షణాలను నెదర్లాండ్స్ ఇంజనీర్లు ఐదుగా చెబుతారు: తెగకుండా కలిసి ఉండడం, చుట్టు తిప్పకుండా సూటిగా ఉండడం, భద్రత, సౌకర్యం, చూడముచ్చటగా ఉండడం. వీటిలో మొదటి రెండూ నెరవేరితే తక్కిన మూడింటిని తర్వాత సరిదిద్దుకోవచ్చని నా అభిప్రాయం. ఆ దేశంలోనే ఊట్రెక్ట్ పక్కన ఉన్న హౌటెన్ పట్టణాన్ని ఈ సూత్రం మీదే కట్టారు. కారులో ఒక పేట నుంచి పక్క పేటకు వెళ్లాలంటే చాలా చోట్ల పట్టణం చుట్టూ ఉన్న వలయ రహదారి ఎక్కి తిరిగి రావాలి. సైకిల్ మీదనో, కాలినడకనో అయితే నేరుగా వెళ్లిపోవచ్చు. సుమారు 50 వేల జనాభా ఉన్న ఆ పట్టణంలో రైల్వే స్టేషను, బడులు సైకిల్ దారుల నడుమ ఉండేటట్టు చూసుకున్నారు. అంటే దగ్గరి దారి అనే లాభాన్ని సైకిల్‌కు కట్టబెట్టారు.

ఇందుకు భిన్నంగా నడిచిన ఉదాహరణ ఇంగ్లండ్‌లోని స్టీవనేజ్. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కట్టిన ఆ కొత్త పట్టణంలో ఎరిక్ క్లాక్స్‌టన్ అనే ఇంజనీరు రోడ్డుతో సంబంధం లేకుండా విశాలమైన సైకిల్ దారులు వేయించాడు, కూడళ్ల వద్ద అవి రోడ్డు కింది నుంచి సాగిపోయేలా చేశాడు. ఇంజనీరింగ్ పరంగా వంక పెట్టడానికి లేదు. అయినా ఆయన ఆశించినంత మంది సైకిలెక్కలేదు. కారణం వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కరలేదు: అదే పట్టణంలో కార్ల కోసం వేసిన రోడ్లు కూడా అంతే సాఫీగా, అంతే సూటిగా ఉన్నాయి. రెండు దారులూ సమానంగా సులువైనప్పుడు కారున్నవాడు కారే తీస్తాడు. దారి వేస్తే చాలు, జనం వాళ్లంతట వాళ్లే వస్తారు అనేవారికి నేను స్టీవనేజ్‌ను గుర్తుచేస్తుంటాను.

పాత పట్టణాలను హౌటెన్‌లా మొదటి నుంచి కట్టలేం కాబట్టి, ఉన్నవాటిలోనే సందు వెతుక్కోవాలి. వాడకం ఆగిపోయిన రైలుమార్గాలు ఇందుకు చాలా అనువైనవి. రైలింజన్లు నిట్టనిలువు ఎత్తులు ఎక్కలేవు కనుక ఆ మార్గాల వాలు ఎక్కడా తీవ్రంగా ఉండదు, అది సైకిల్ తొక్కేవాడి మోకాళ్లకు మేలు. అమెరికాలో షికాగో పక్కన మూతపడిన రైలుమార్గాన్ని నడకదారిగా మార్చమని 1963లో మే వాట్స్ అనే ప్రకృతి పరిశోధకురాలు పత్రికకు రాసిన ఒక లేఖ నుంచి ఇల్లినాయ్ ప్రయరీ పాత్ అనే దారి పుట్టింది. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్, బాత్ నగరాల మధ్య పాత రైలుకట్ట మీద దారిని 1979 నుంచి 1986 వరకు అంచెలంచెలుగా వేశారు. అంచెలంచెలుగా అన్నది ఇక్కడ గమనించవలసిన మాట. ఒక్కో ముక్క పూర్తికాగానే వాడకంలోకి వస్తే, తర్వాతి ముక్కకు కావలసిన మద్దతు ఆ వాడేవాళ్ల నుంచే పుడుతుంది.

రైలుకట్ట లేని పట్టణంలోనూ కాలువగట్లు ఉంటాయి, విద్యుత్ లైన్ల కింద ఖాళీ జాగా ఉంటుంది, వీటికంటే ముఖ్యంగా ఒకదానికొకటి వీపు తిప్పుకొని ఆగిపోయే వీధులు ఉంటాయి. రెండు కాలనీల మధ్య ఒక ప్రహరీ గోడ ఉండి, గోడకు ఇవతలి ఇంటివాళ్లు అవతలి ఇంటికి వెళ్లడానికి కిలోమీటరు తిరగవలసి రావడం అరుదైన విషయం కాదు. ఆ గోడలో 3 మీటర్ల ఖాళీ తెరిచి, కార్లు పోకుండా, మనుషులూ సైకిళ్లూ పోయేలా చేస్తే, ఆ ఒక్క పని వల్ల కలిగే ఉపయోగం ఎక్కడో చెరువు చుట్టూ వేసిన కొత్త దారి వల్ల కలగదు. ఖర్చు కూడా తక్కువే. అయితే దీనికి ఇరుపక్కల నివాసులను ఒప్పించాలి, పరాయివాళ్లు వస్తారన్న వాళ్ల భయానికి ఓపికగా సమాధానం చెప్పాలి. చెరువు చుట్టూ దారికి ఈ బాధ లేదు, అందుకే పథకాల్లో అదే ఎక్కువగా కనిపిస్తుంది.

జనానికి ఏ దారి కావాలో చెప్పించుకోవడానికి సమావేశాలే అక్కరలేదు, నేల చూస్తే తెలుస్తుంది. పచ్చిక మీద అడుగుల రాపిడికి గడ్డి చచ్చి మట్టి తేలిన సన్నని చార ఎక్కడుందో, అక్కడ దారి కావాలి. దాన్ని ఆపడానికి ముళ్లకంచె వేస్తే నెల తిరక్కుండా కంచెలో ఒక తీగ వంగి ఉంటుంది.

వెడల్పు విషయంలో పిసినారితనం తర్వాత చాలా ఖరీదవుతుంది. ఇద్దరు పక్కపక్కన నడవడానికి మీటరున్నర కావాలి, రెండు వీల్‌చైర్లు ఎదురైతే 1.8 మీటర్లు కావాలి, నడిచేవాళ్లూ సైకిళ్లూ ఒకే దారిని పంచుకోవాలంటే కనీసం 3 మీటర్లు ఉండాలి. ఇవన్నీ అడ్డంకులు పోగా మిగిలే వెడల్పులు. మధ్యలో దీపస్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, చెత్తకుండీ నిలబెట్టి, కాగితం మీద 2 మీటర్లు చూపడం వెడల్పు కాదు. నడక వేగం గంటకు 5 కిలోమీటర్లు, మామూలు సైకిల్ వేగం దానికి మూడు నాలుగు రెట్లు; కాబట్టి రద్దీ పెరిగే చోట రెండింటినీ విడదీయక తప్పదు. కేవలం ఒక తెల్లగీత గీస్తే సరిపోదు. ఆ గీత చేతికర్రకు తగలదు, చూపులేనివాళ్లకు అది లేనట్టే. నేల స్పర్శలో తేడా ఉండాలి. పాదాలకు, కర్రకు తెలిసేలా ఉబ్బెత్తు గీతలు, చుక్కలు ఉన్న పలకలను జపాన్‌లో సెయిచీ మియాకె రూపొందించగా, 1967లో ఒకాయామా నగరంలో అంధుల పాఠశాల దగ్గర మొదటిసారి పరిచారు. ఈ రోజు ఆ పసుపుపచ్చ పలకలు ప్రపంచమంతటా కనబడతాయి. కానీ వాటిని నమ్ముకుని నడిచినవాడిని తీసుకెళ్లి నేరుగా స్తంభానికి గుద్దించేలా పరిచిన చోట్లు కూడా తక్కువేమీ లేవు. అది చూసినప్పుడల్లా, పరిచిన మేస్త్రీకి ఆ పలకలు ఎందుకో ఎవరూ చెప్పి ఉండరని నాకనిపిస్తుంది.

వాలుల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు: పొడవునా 20 మీటర్లకు 1 మీటరును మించి ఎత్తు పెరగకూడదు, అడ్డంగా నీరు జారడానికి 2 శాతం వాలు చాలు, అంతకు మించితే వీల్‌చైర్ పక్కకు లాగేస్తుంది. దారి రోడ్డును తాకే చోట అంచు రోడ్డుతో సమంగా కలిసిపోవాలి, అంగుళం ఎత్తు మిగిలినా చిన్న చక్రానికి అది గోడే.

మోటారుబైకులూ కార్లూ రాకుండా దారి మొదట్లో నాటే అడ్డుస్తంభాల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. వీటిని నాటేవాళ్లకు వచ్చే వాహనం మీదే దృష్టి, రావలసిన మనిషి గుర్తుండడు. స్తంభాల మధ్య మీటరు కంటే తక్కువ జాగా వదిలితే సరుకుల సైకిల్, మూడు చక్రాల సైకిల్, పిల్లల బండి అక్కడే ఆగిపోతాయి. మీటరున్నర వదిలితే అవి పోతాయి, కారు పోలేదు. నిజమే, మోటారుబైకు పోతుంది. సైకిల్‌ను పోనిచ్చి మోటారుబైకును ఆపగలిగే స్తంభాన్ని ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు, ఆ పని నిఘాతోనూ జరిమానాతోనూ జరగాలి. రెండు స్తంభాలు నాటితే ఎదురెదురుగా వచ్చే ఇద్దరూ మధ్యసందులోకే దూరి ఢీకొనే ప్రమాదం ఉంది కాబట్టి, నాటక తప్పనప్పుడు ఒకటో మూడో నాటమంటారు అనుభవజ్ఞులు. చీకట్లో మెరిసే పట్టీ లేని బూడిదరంగు స్తంభం సాయంత్రం వేళ సైకిల్ మీద వచ్చేవాడికి ఆఖరి క్షణం దాకా కనబడదు. గుంపుగా వెళ్లేటప్పుడైతే ముందువాడు తప్పుకున్నాక వెనకవాడికి ఆ క్షణం కూడా దొరకదు.

ఇక వేసిన తర్వాతి సంగతి. తారు దారి అయినా, పేవర్ బ్లాకుల దారి అయినా, దాన్ని చంపేది పాదాలూ చక్రాలూ కాదు, నీళ్లు. సైకిల్ బరువుకు ఏ దారీ అరిగిపోదు. పగులులోంచి దిగిన నీరు కింది కంకరనూ మట్టినీ మెత్తబరుస్తుంది, ఆ మెత్తదనం మీద పై పొర కుంగుతుంది, కుంగిన చోట మరింత నీరు నిలుస్తుంది. సన్నని పగులును వేడి తారుతో మూయడం అల్పమైన ఖర్చు. అదే పగులును మూడు వానాకాలాలు వదిలేస్తే దారిని పునాది నుంచి తవ్వి వేయాలి.

ఈ పగుళ్లలో అధికభాగానికి మూలం తవ్వకాలు. నీటి పైపు కోసమో, కేబుల్ కోసమో అడ్డంగా తవ్వినవాళ్లు, తీసిన మట్టినే మళ్లీ గోతిలోకి తోసి, పైపైన తొక్కి, మీద నాలుగు అంగుళాల కాంక్రీటు పోసి వెళ్లిపోతారు. ఆ రోజు చూస్తే చదునుగానే ఉంటుంది. తొలి వానలకు లోపలి మట్టి సర్దుకుని అతుకు రెండు వేళ్ల లోతు దిగుతుంది, దాని అంచున పాత తారుకూ కొత్త కాంక్రీటుకూ మధ్య గోరు దూరేంత సందు ఏర్పడుతుంది, ఆ సందులో మొదట ఇసుక, తర్వాత గడ్డి మొలుస్తుంది. సైకిల్ ముందు చక్రం అక్కడికి రాగానే హ్యాండిల్ చేతుల్లో అదురుతుంది, తెలిసినవాళ్లు అక్కడ దారి వదిలి రోడ్డు మీదకు దిగి మళ్లీ ఎక్కుతారు. సరైన పద్ధతి కష్టమైనదేమీ కాదు. గోతిని ఒక్కసారి నింపకుండా 15 సెంటీమీటర్ల చొప్పున పొరలుగా నింపి, ఒక్కో పొరనూ యంత్రంతో దిమ్మిస కొట్టాలి. గోతికి రెండు వైపులా కొంత పాత తారును కూడా తిన్నగా కోసి, అతుకును గట్టినేల మీద ఆన్చాలి. అంచును తారుతో మూయాలి. తవ్వడానికి అనుమతి ఇచ్చేటప్పుడే ధరావతు కట్టించుకుని, ఒక వానాకాలం గడిచాక అతుకు కుంగలేదని చూసి తిరిగి ఇస్తే, ఈ మూడు పనులూ ఎవరూ చెప్పకుండానే జరుగుతాయి.

చెట్ల వేళ్లు పైకి తన్నడం దీనికంటే సున్నితమైన సమస్య. గట్టిగా దిమ్మిస కొట్టిన నేలలో గాలి ఆడదు కాబట్టి వేరు కాస్త తేమ, గాలి దొరికే తారు పొర కిందికి చేరి అక్కడే లావెక్కుతుంది. దాన్ని నరికేస్తే దారి చదునవుతుంది గాని, మొదలుకు దగ్గరగా లావుపాటి వేళ్లు నరికిన చెట్టు గాలివానకు ఎవరి మీద పడుతుందో చెప్పలేం. దారిని అక్కడ కొద్దిగా పక్కకు వంచడం, లేదా వేరు మీదుగా నేలను ముందూ వెనకా కొన్ని మీటర్లు మెల్లగా ఎత్తుచేసి వేయడం మంచిది. నీడ లేని దారిలో ఎండాకాలం ఎవరూ నడవరు. దారి కోసం చెట్టు కొట్టేయడం, నడిచేవాళ్లను పోగొట్టుకోవడం ఒకటే.

కొత్త దారికి ప్రారంభోత్సవం ఉంటుంది, కొమ్మలు కత్తిరించడానికి ఉండదు. కాబట్టి నిర్వహణ సొమ్మును ఏడాదికేడాది అడుక్కోవలసిన స్థితిలో పెట్టకుండా, దారి మంజూరు చేసే కాగితంలోనే దాన్ని ఎవరు ఊడుస్తారో, వానలకు ముందు పక్క కాలువ పూడిక ఎవరు తీస్తారో, అందుకు డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో రాసి ఉండాలి. ఊడ్చే యంత్రం పట్టనంత ఇరుకుగా దారి వేస్తే, దాని మీది గాజుపెంకులు చీపురు కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. కొమ్మలు నేల నుంచి 2.4 మీటర్ల ఎత్తు వరకూ, పొదలు అంచు నుంచి 60 సెంటీమీటర్ల దూరం వరకూ తొలగించి ఉంచాలి. మంచు కురిసే కోపెన్‌హాగెన్‌లో ముఖ్యమైన సైకిల్ దారుల మీద మంచును రోడ్ల కంటే ముందే తీసేస్తారు. వరస ఎలా పెట్టుకున్నారో చూస్తే ఆ నగరం ఏది ముఖ్యమనుకుంటోందో తెలుస్తుంది. తనిఖీ చేసే అధికారి జీపులో కాక సైకిల్ మీద, అదీ ఒకసారి చీకటి పడ్డాక కూడా తిరగాలి. ఆరిపోయిన దీపం పగటి తనిఖీలో ఎవరికీ కనబడదు కదా. 100 మీటర్లకొక అంకె నేల మీద రాసి ఉంచితే, గుంత ఎక్కడుందో ఫిర్యాదు చేసేవాడికీ, పడినవాడి కోసం వచ్చే అంబులెన్సుకూ వెతుకులాట తప్పుతుంది.

మరమ్మతు కోసం దారిని కొన్నాళ్లు మూయవలసి వచ్చినా ప్రత్యామ్నాయం చూపించడం నిర్వహణలో భాగమే. కార్ల రోడ్డు మూసినప్పుడు మళ్లింపు బోర్డులు, బాణం గుర్తులు, అవసరమైతే కాపలా మనిషి కూడా ఉంటారు. నడకదారి మూసినప్పుడు మాత్రం ఒక తాడు కట్టి, ఇసుకకుప్ప పోసి ఊరుకుంటారు. ఎన్నాళ్లు మూస్తారో, ఎటు వెళ్లాలో రాసిన బోర్డును ఇసుకకుప్ప దగ్గర కాక, దానికి ముందున్న మలుపులో, మనిషి ఇంకా దారి మార్చుకోగలిగే చోట పెట్టాలి. చంటిబిడ్డ బండిని తోసుకుంటూ వచ్చినవాళ్లు 300 మీటర్లు నడిచాక తాడు చూసి వెనక్కి తిరగవలసిన పని లేకుండా ఉంటుంది.