స్ప్రింగు ముందు నా ఎర్ర తాళం

నా ప్యాంటు జేబులో ఎప్పుడూ ఒక ఎర్ర తాళం ఉంటుంది. సరుకుల గిడ్డంగిలో కన్వేయర్ బెల్టుల మెయింటెనెన్స్ నా పని, రాత్రి షిఫ్టు. ఏ మోటారు మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు దాని కరెంటు ఆపి, ఆ స్విచ్చు మీద ఎవరి తాళం వాళ్లు వేసుకోవాలి. నలుగురు పనిచేస్తే నాలుగు తాళాలు. నా తాళానికి చెవి ఒకటే, అది నా దగ్గరే ఉంటుంది. నేను బయటికొచ్చి నా చేత్తో తీస్తే తప్ప ఆ యంత్రం తిరగదు. ఈ దేశం వచ్చి ఉద్యోగంలో చేరిన మొదటి వారమే చేతికిచ్చారు. ఇక్కడి వాళ్ల మాట సగం కూడా అందని ఆ రోజుల్లో, ఆ తాళం మాత్రం ఎవరూ విడమరచి చెప్పకుండానే అర్థమైంది.

ట్రైనింగులో అసలు పాఠం ఆ తర్వాత వచ్చింది. కరెంటు ఆపినంత మాత్రాన యంత్రం చచ్చినట్టు కాదన్నారు. సిలిండర్లో గాలి ఉంటుంది. బెల్టును బిగించి పట్టిన బరువు వేలాడుతూనే ఉంటుంది. మోటారు బ్రేకులో స్ప్రింగు నొక్కుకునే ఉంటుంది. చూస్తే ఏదీ కదలదు. ఎక్కడో ఒక పిన్ను ఊడితే అంతా ఒక్కసారి కదులుతుంది. దాన్ని నిల్వ శక్తి అంటారు. ముందు దాన్ని ఖాళీ చెయ్యాలి, తర్వాతే పానా పట్టాలి.

నా కారు ఎత్తు కాస్త కిందికి దించడానికి దాని స్ప్రింగులు ఇంట్లో మార్చుకోవాలనుకున్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఈ పాఠమే.

కారు టొయోటా 86, సెకండ్ హ్యాండ్‌ది. రెండు తలుపులు, ముందు బాక్సర్ ఇంజిను (పిస్టన్లు అడ్డంగా, ఎదురెదురుగా కదిలేది), తిరిగేవి వెనక చక్రాలు. 2012లో ఈ మోడల్ అమ్మకానికి వచ్చినప్పుడు నేను డిప్లొమా చదువుతున్నాను. ఫోన్లో దాని బొమ్మ పెట్టుకుని తిరిగేవాణ్ణి. ఇక్కడికొచ్చాక ఆరేళ్లపాటు కొన్న ప్రతి వస్తువూ అవసరం కోసమే కొన్నాను. ఇంటికి పంపాల్సినవి పంపి, అప్పులు తీరి, మొదటిసారి ఇష్టం కోసం కొన్నది ఇదొక్కటే. అందుకే దాన్ని ఎవరి చేతికో ఇచ్చి బాగుచేయించుకోవడానికి మనసొప్పలేదు. రోజూ వేరేవాళ్ల యంత్రాలు విప్పి బిగించే చేతులు ఇవి. నాదంటూ ఉన్న ఒక్క యంత్రాన్ని కూడా వీటితోనే ముట్టుకోవాలనిపించింది.

కారును కిందికి దించడమంటే చూడ్డానికి బాగుంటుందని చాలామంది అనుకుంటారు. అందం సంగతి నిజమే. టైరుకూ దాని మీద ఉండే రేకు, ఫెండరుకూ మధ్య నాలుగు వేళ్లు పట్టే ఖాళీ నా కంటికీ నచ్చేది కాదు. కానీ దించితే బరువు నేలకు దగ్గరవుతుంది. గట్టి స్ప్రింగు పెడితే మలుపులో కారు పక్కకు ఒరగడం తగ్గుతుంది. అలాగని ఎంత దించితే అంత మంచిదనుకుంటే పొరపాటు. ముందు చక్రాల దగ్గర ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. 1940ల్లో ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే ఇంజినీరు రూపమిచ్చిన అమరిక, షాక్ అబ్జార్బరే చక్రానికి పై ఆధారం కూడా. దీన్ని మరీ దించేస్తే చక్రాన్ని కింద పట్టుకునే కడ్డీ, అంటే కింది ఆర్మ్, వాలు తిరగబడుతుంది. దాంతో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, కారు బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి జారిపోతుంది. ఒరగడం తగ్గాలని దించినవాడికి ఒరిగే గుణం పెరుగుతుంది. పైగా గుంటలో పడినప్పుడు షాక్‌కు కదలడానికి చోటుండదు. ఇవన్నీ చూసుకుని నేను 25 మి.మీ. దించే స్ప్రింగులు తెచ్చుకున్నాను.

స్ప్రింగు లెక్క డిప్లొమాలో కాగితం మీద ఎన్నిసార్లు చేశానో! గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో మారుతుంది. 12 మి.మీ. తీగ బదులు 13 మి.మీ. తీగ వాడి, మిగతావన్నీ అలాగే ఉంచితే, ఒక్క మిల్లీమీటరుకే గట్టిదనం సుమారు 38 శాతం పెరుగుతుంది. అప్పట్లో అది పరీక్షలో మార్కులకు పనికొచ్చిన సూత్రం. ఇప్పుడు పాత స్ప్రింగు ఒక చేత్తో, కొత్త స్ప్రింగు ఒక చేత్తో పట్టుకుని తీగల మందం బొటనవేలితో తడుముతుంటే, ఆ నాలుగో ఘాతం వేలికి తగిలినట్టే అనిపించింది.

కొంతమంది పాత స్ప్రింగునే గ్రైండరుతో ఒక చుట్టు కోసి దించేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. కోసిన చివర, స్ప్రింగు ఆనే గిన్నెలో (దాన్నే సీటు అంటారు) సరిగ్గా కూర్చోదు. చక్రం గాల్లో వేలాడినప్పుడు స్ప్రింగు సీటు వదిలేసి, మళ్లీ ఎక్కడో అడ్డంగా పడుతుంది. కోసేటప్పటి వేడికి ఉక్కు గుణం కూడా చెడుతుంది. కొత్త స్ప్రింగుల కోసం ఆగాల్సి వస్తే ఆగండి.

పని గురించి మొదట చెప్పింది మా షిఫ్టులో ఉన్న తెలుగాయనకు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, అన్నా అంటాను. స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్, బోల్టును కావలసినంతే బిగించి టిక్కుమనే టార్క్ రెంచ్ ఆయన దగ్గరున్నాయి. బ్రేక్ టైములో అడిగితే ఇస్తాననే అన్నాడు గానీ, వెంటనే ఇవ్వలేదు.

"తమ్ముడూ, ముందు నాకో లెక్క చెప్పు. ఆ స్ప్రింగు విప్పేటప్పుడు దాంట్లో ఎంత శక్తి ఉంటుంది?"

నేను పెన్ను తీశాను. మిల్లీమీటరుకు 30 న్యూటన్ల స్ప్రింగనుకుంటే, 100 మి.మీ. నొక్కితే 3,000 న్యూటన్లు, అంటే దాదాపు 300 కిలోల బరువంత తోపు. లోపల నిల్వ ఉన్నది 150 జౌళ్లు. 15 కిలోల ఇనుప దిమ్మె మీటరు ఎత్తు నుంచి పడితే ఎంతో, అంత.

"అది నీ మొహానికి అడుగు దూరంలో ఉంటుంది. దానికి స్విచ్చు లేదు, తాళం వెయ్యడానికి. నీ చేతికేమైనా అయితే ఇక్కడ నీకు ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే వీసా లేదు. అది మర్చిపోకుండా చెయ్యి," అన్నాడు. మర్నాడు పెట్టె తెచ్చిచ్చాడు.

ఆయన అన్నదాంట్లో అతి ఏమీ లేదు. ఒంటి కష్టంతో ఇక్కడ బతికేవాళ్లందరికీ తెలిసిన భయమే అది. జ్వరం వచ్చినా రెండు రోజులు ఇంట్లో పడుకోవడానికి ఆలోచిస్తాం. మణికట్టు విరిగితే ఆ లెక్క ఎక్కడిదాకా పోతుందో అందరం లోలోపల వేసుకునే ఉంటాం.

అద్దె ఇల్లు కాబట్టి యజమానిని అడిగాను. ఇన్సూరెన్స్ వాళ్లకు స్ప్రింగుల సంగతి ముందే రాసి పంపాను. తర్వాత ఎప్పుడైనా ప్రమాదం జరిగితే, మార్పు చెప్పలేదన్న మాట రాకూడదు. శనివారం పొద్దున షిఫ్టు దిగి, కంటినిండా నిద్రపోయి, ఆదివారం మొదలుపెట్టాను. రాత్రి షిఫ్టు దిగిన కళ్లతో ఈ పని ముట్టుకోకూడదు.

మొదట కొలతలు. నాలుగు చక్రాల దగ్గరా చక్రం నడిబొడ్డు నుంచి ఫెండరు అంచుదాకా కొలిచి కాగితం మీద రాసుకున్నాను. అందం కోసమే కొలుస్తున్నాననుకున్నాను అప్పుడు. సాయంత్రానికి ఆ కాగితమే నాకు అక్కరకొచ్చింది. తర్వాత వెనక చక్రాలకు అడ్డాలు, ముందు జాకీ, రెండు స్టాండ్లు. కారు స్టాండ్ల మీద కూర్చున్నాక రెండు చేతులతో గట్టిగా ఊపి చూశాను. ఊడదీసిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టాను, స్టాండు జారినా కారు దాని మీద ఆగుతుందని. ఎర్ర తాళం తీసి స్టీరింగుకు తగిలించాను. దాని అవసరం లేదు, కారు తాళంచెవి నా జేబులోనే ఉంది. అయినా అది కనబడితే నా చెయ్యి తనంతట తనే నెమ్మదిస్తుంది.

మా ఆవిడను తలుపు దగ్గర కూర్చోమన్నాను. ఇలాంటి పని ఒంటరిగా చెయ్యకూడదు. స్ప్రింగుకు ఎదురుగా మాత్రం రావద్దని, పక్కనుంచి చూడమని చెప్పాను.

బ్రేకు గొట్టం బ్రాకెట్, ఏబీఎస్ తీగ, స్టెబిలైజర్ లింకు విడదీసి, కింది రెండు పెద్ద బోల్టులు తీస్తే, పైన బానెట్ కింద మూడు నట్లతో స్ట్రట్ మొత్తం చేతిలోకొచ్చేస్తుంది. చక్రం హబ్బు బయటికి వాలి బ్రేకు గొట్టాన్ని లాగకుండా తాడుతో కట్టాను. దీనికి అరగంట కూడా పట్టలేదు.

పని అంతా ఆ తర్వాతే. కంప్రెసరుకు రెండు పొడవాటి మరలు, ఒక్కో మరకు రెండేసి కొక్కేలు. స్ప్రింగుకు సరిగ్గా ఎదురెదురుగా తగిలించాలి. ఇటు రెండు చుట్లు తిప్పితే అటు రెండు చుట్లు. నట్లను యంత్రబలంతో తిప్పే ఇంపాక్ట్ గన్ వాడొద్దని అన్న మరీ మరీ చెప్పాడు, చేత్తోనే తిప్పుతున్నాను. ఉక్కు కిర్రుమంటోంది. మర మీద రాసిన గ్రీజు వెచ్చబడి వాసన వస్తోంది. ఇంకో నాలుగు చుట్లు తిప్పితే పై సీటు వదులవుతుందనగా మా ఆవిడ గొంతు వినబడింది.

"ఏవండీ, ఒక్కసారి ఆపండి. అటువైపు కొక్కెం ఇందాక ఉన్నచోట లేదు."

చెయ్యి ఆపి, మెడ మాత్రమే తిప్పి చూశాను. నిజమే. నా వైపు నుంచి కనబడని కొక్కెం, స్ప్రింగు వంపు వెంబడి వేలు మందం జారింది. కొక్కెం వెనక పెయింటు గీరుకుపోయి, మెరిసే ఉక్కు గీత ఒకటి తేలింది. ఎదురెదురుగా ఉండాల్సిన రెండు మరలు ఇప్పుడు ఒక పక్కకు చేరుతున్నాయి. స్ప్రింగు అరటికాయలా ఒంగడం మొదలైంది.

అప్పుడు ఇంకో నాలుగు చుట్లే కదా అనిపిస్తుంది. బెల్టు ఆగినప్పుడు గిడ్డంగిలో ప్రతి నిమిషం ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, ఎంతసేపని. ఇక్కడ అడిగేవాళ్లు లేరు. ఇటో చుట్టు, అటో చుట్టు, వచ్చిన దారినే వెనక్కి తిప్పుకుంటూ స్ప్రింగును పూర్తిగా వదులు చేశాను. పావుగంట పట్టింది. తీగ మీద, కొక్కేల్లో ఉన్న గ్రీజంతా గుడ్డతో తుడిచాను. జారింది అందుకే, మరకు రాసిన గ్రీజు నా చేతి తొడుగుల నుంచి తీగకు అంటుకుంది. కొత్త తొడుగులు వేసుకుని, కొక్కేలు మళ్లీ ఎదురెదురుగా తగిలించి, జారకుండా ఉండే పిన్నులు పెట్టి, మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి ప్రతి రెండు చుట్లకూ ఆవిడే "సరిగ్గానే ఉంది" అంటూ వచ్చింది.

పై సీటు చేత్తో ఆడేంత వదులయ్యాకే నడి నట్టు తీశాను. షాక్ కడ్డీ తనూ తిరుగుతుంది కాబట్టి దాన్ని అలెన్ కీతో పట్టుకుని నట్టును పానాతో తిప్పాలి. కొత్త స్ప్రింగు పొట్టిది, దాన్ని నొక్కాల్సింది చాలా తక్కువ. కింది చివర సీటులో ఉన్న మెట్టుకు ఆనిందో లేదో వేలితో తడిమి చూడాలి, లేకపోతే స్టీరింగు తిప్పినప్పుడల్లా టక్కుమంటుంది. లోపల, షాక్ చివరిదాకా నొక్కుకుపోకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరు ఉంటుంది. కొన్ని స్ప్రింగులకు దాన్ని కొంత కోయమంటారు, నావాటితో వచ్చిన కాగితంలో వద్దని ఉంది, అలాగే ఉంచాను. రెండో వైపు ముప్పావుగంటలో అయిపోయింది.

వెనక వైపు డబుల్ విష్‌బోన్. అంటే చక్రాన్ని పైనా కిందా ఆర్ములు పట్టుకునే అమరిక. డిక్కీలో అట్ట తీస్తే షాక్ పై నట్లు దొరుకుతాయి. అక్కడ ఒక తప్పు చేశాను. కింది ఆర్మ్ బోల్టును చక్రం గాల్లో వేలాడుతుండగానే పూర్తిగా బిగించేశాను. రెండో వైపు బిగించబోతూ ఆగాను. ఆర్మ్ కీలులో ఉన్నది రబ్బరు బుష్. బోల్టు బిగించాక అది లోపల తిరగదు, మెలిపడుతుంది, అంతే. వేలాడే స్థితిలో బిగిస్తే, కారు నేల మీద నిలబడిన ప్రతి క్షణం ఆ రబ్బరు మెలిపడే ఉంటుంది. త్వరగా చిరుగుతుంది, కారు ఎత్తు కూడా తప్పుగా నిలుస్తుంది. కాబట్టి మొదటి వైపు బోల్టు మళ్లీ వదులు చేశాను. పొద్దున రాసుకున్న కాగితం తీసి, ఆ కొలతలో 25 మి.మీ. తగ్గించి, నడిబొడ్డుకూ ఫెండరుకూ మధ్య అంతే దూరం వచ్చేదాకా జాకీతో హబ్బును పైకెత్తి, అప్పుడు బిగించాను. రెండు వైపులా అలాగే. బిగించిన ప్రతి బోల్టు తల మీద తెల్ల పెయింటు పెన్నుతో గీత పెట్టాను. గీత లేనిదంటే ఇంకా బిగించనిదని.

కారు కిందికి దిగేసరికి చీకటి పడింది. మర్నాడు నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లి వీల్ అలైన్‌మెంట్ చేయించాను. దించిన కారులో చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది, అది కొంతవరకు పరవాలేదు. కానీ చక్రాల ముందు భాగాల మధ్య దూరం తేడా వస్తే టైర్లు కొద్ది వారాల్లోనే లోపలి అంచున అరిగిపోతాయి. హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచేయించాను.

ఆ రాత్రి షిఫ్టుకు ముందు గిడ్డంగి పార్కింగులో టార్క్ రెంచ్ తీసి చక్రాల నట్లు మళ్లీ చూశాను, 120 న్యూటన్ మీటర్లు. అప్పటికి 80 కిలోమీటర్లు తిరిగింది. ఎడమ ముందు చక్రంలో ఒక్కటి మాత్రం వెంట్రుకవాసి తిరిగి టిక్కుమంది.

అన్న వచ్చాడు. టైరుకూ ఫెండరుకూ మధ్య వేళ్లు పెట్టి చూశాడు. మూడు కూడా పట్టలేదు.

"వెనక బుష్షులు బరువు మీదే బిగించావా?"

"ఒకవైపు రెండోసారి బిగించానన్నా."

తలూపి రెంచ్ పెట్టె అందుకున్నాడు. "పద, ఏడో లైను ఆగిందంట."

స్టీరింగుకు ఇంకా వేలాడుతున్న ఎర్ర తాళం తీసి జేబులో వేసుకుని ఆయన వెనక నడిచాను.