కాజాల ఊళ్ళో బ్రెడ్ పట్టుకెళ్తే

కాకినాడలో ఎవరింటికైనా వెళ్తున్నామంటే చేతిలో ఒక స్వీట్ల డబ్బా ఉండాలి. కోటయ్య కాజాలో, తాపేశ్వరం మడత కాజాలో, ఆత్రేయపురం పూతరేకులో. ఆ డబ్బా రేపో ఎల్లుండో ఇంకొకరింటికి ప్రయాణం కడుతుందని ఇచ్చినవాళ్ళకీ తెలుసు, పుచ్చుకున్నవాళ్ళకీ తెలుసు. నేను మాత్రం కొన్నేళ్ళుగా బ్రెడ్ పట్టుకెళ్తున్నాను. ఇంట్లో కాల్చిన పాల బ్రెడ్, కాగితంలో చుట్టి, పురికొస కట్టి. మొదట్లో జనం అదోలా చూసేవారు. ‘‘మా ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదని విన్నారాండీ?’’ అని అడిగినావిడ కూడా ఉంది. పాపం, ఆవిణ్ణి అని లాభం లేదు. మనకి బ్రెడ్ అంటే జ్వరం వచ్చినప్పుడు పాలల్లో ముంచుకు తినేది, లేదా ఆస్పత్రిలో ఉన్నవాళ్ళకి బత్తాయిలతో పాటు పట్టుకెళ్ళేది.

అసలు ఈ బ్రెడ్ పిచ్చి నాకు పట్టింది రుచి కోసం కాదు. నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పేదాన్ని. 2016లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు బజార్లో అమ్మే బ్రెడ్లు, బన్నులు, పిజ్జాల్లాంటివి 38 శాంపిళ్ళు పరీక్ష చేయించారు. అందులో 84 శాతం వాటిల్లో పొటాషియం బ్రోమేటో, అయొడేటో ఉన్నట్టు తేలింది. ఆ రోజు పేపర్ చదువుతుంటే చేతిలో కాఫీ చల్లారిపోయింది. బ్రోమేట్ అంటే ల్యాబ్‌లో సీసా మీద చూసే పేరు నాకు, పిల్లలకి ఆక్సిడైజింగ్ ఏజెంట్ అని చెప్పే పదార్థం. పిండికి బిగువిచ్చి రొట్టె ఎత్తుగా పొంగడానికి దాన్ని కలిపేవారట. కేన్సర్ అనుమానం ఉండటంతో ఆ జూన్‌లోనే మన ఆహార భద్రతా సంస్థ దాన్ని నిషేధించింది. అది మంచి పనే. కానీ అప్పటికే నేను ఈస్ట్ ప్యాకెట్ కొనేశాను.

కేక్ చేసేవాళ్ళు ఇప్పుడు ప్రతి వీధికీ నలుగురున్నారు. పుట్టినరోజు వస్తే చాలు, క్రీమ్ పువ్వులతో ఫొటోలు. బ్రెడ్ మాటెత్తితే మాత్రం అందరూ వెనక్కి తగ్గుతారు. ‘‘అమ్మో, ఈస్ట్ అదీ మనవల్ల కాదండీ’’ అంటారు. రోజూ రాత్రి ఇడ్లీ పిండి రుబ్బి, పొద్దున్న గిన్నె మూత తీయగానే పులిసిందో లేదో వాసనతోనే చెప్పేవాళ్ళు ఈ మాట అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎండాకాలం పిండి తొందరగా పొంగి గిన్నె దాటిపోతుందనీ, డిసెంబర్లో గిన్నెకి తువ్వాలు చుట్టాలనీ వీళ్ళకి ఎవరు నేర్పారు? బ్రెడ్‌కి కావాల్సిందీ ఆ కనిపెట్టుకుని ఉండటమే. పైగా ఇడ్లీ పిండికి రాత్రంతా ఆగాలి, దీనికి అంతసేపు అక్కర్లేదు.

నేను చేసే కొలత ఇది. మొత్తం 400 గ్రాముల మైదా తీసుకుని, అందులోంచి 25 గ్రాములు పక్కకి తీసి, 125 మిల్లీలీటర్ల పాలల్లో ఉండల్లేకుండా కలిపి సన్నసెగ మీద తిప్పాలి. గరిట తిప్పినప్పుడు గిన్నె అడుగున చార కనబడేంత చిక్కబడితే దించేయడమే. అది ఉడుకు పట్టక ముందే, 65 డిగ్రీల దగ్గరే చిక్కబడుతుంది. చైనా, జపాన్ బ్రెడ్‌లు అంత మెత్తగా ఉండటానికి కారణం ఈ గంజే. ఉడికిన పిండి నీళ్ళని పట్టుకుంటుంది, పచ్చి పిండి అంతగా పట్టుకోలేదు. అందుకే ఈ బ్రెడ్ రెండో రోజుకీ ఎండిపోదు. గంజి చల్లారాక మిగిలిన 375 గ్రాముల మైదా, 40 గ్రాముల పంచదార, చెంచాన్నర ఇన్‌స్టంట్ ఈస్ట్, చెంచా ఉప్పు, ఇంకో 150 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు. ఉప్పు కలిపిన వెన్న వాడితే ఉప్పు కాస్త తగ్గించుకోవాలి. వెన్న 40 గ్రాములు కావాలి, కానీ మొదట్లోనే వేయకూడదు. పిండి ముద్ద అయ్యాకే వేయాలి, లేకపోతే కొవ్వు పిండికి పట్టేసి సాగే గుణం రానివ్వదు. పాలు వేలు పెడితే చురుక్కుమనకూడదు. 60 డిగ్రీలు దాటితే ఈస్ట్ చచ్చిపోతుంది, ఇక ఎంత సేపు కూచున్నా ఏమీ పొంగదు.

మర్దనా దగ్గరే చాలామంది చేతులెత్తేస్తారు. మొదటి అయిదు నిమిషాలు ముద్ద చేతికీ, బల్లకీ, గాజులకీ అన్నిటికీ అంటుకుంటుంది. అప్పుడే ఇంకో గుప్పెడు మైదా చల్లేద్దామని చెయ్యి లాగుతుంది. చల్లొద్దు. అరచేతి మడమతో ముందుకి తొయ్యడం, మడవడం, పావు తిప్పడం, మళ్ళీ తొయ్యడం. పదో నిమిషం దగ్గర మీకే తెలుస్తుంది, అప్పటిదాకా మొండికేసిన ముద్ద ఉన్నట్టుండి చెయ్యి వదిలేస్తుంది. పైన నున్నగా అవుతుంది. చిన్న ఉండ తీసుకుని నాలుగు వేళ్ళతో మెల్లగా నాలుగు పక్కలకీ లాగితే చిరగకుండా, కిటికీ వైపు పట్టుకుంటే అవతలి వెలుగు కనబడేంత పల్చటి పొర రావాలి. పొర చిరిగిందంటే ఇంకో అయిదు నిమిషాలు. మా ఆయనకి నేను అప్పజెప్పేది ఈ పనే. ఆఫీసులో ఎవరి మీద కోపముందో ఆ రోజు బ్రెడ్ చూసి చెప్పేయొచ్చు.

తర్వాత నూనె రాసిన గిన్నెలో మూత పెట్టి రెట్టింపు అయ్యేదాకా వదిలేయాలి. ఎంతసేపు అంటే గడియారం చూసి చెప్పలేను. మేలో మా వంటింట్లో ముప్పావుగంట కూడా పట్టదు. అందుకే ఎండాకాలం పాలు ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పోస్తాను, ఈస్ట్ చెంచాకి తగ్గిస్తాను. జనవరిలో గంటన్నర పడుతుంది. పిండిలో వేలు గుచ్చితే గుంట మెల్లగా సగం పూడాలి. వెంటనే పూడిపోతే ఇంకా టైముంది, అసలు పూడకపోతే టైము దాటిపోయింది. దాటితే కల్లు వాసన కొడుతుంది. ఆ తర్వాత గాలి తీసి, మూడు ముద్దలు చేసి, ఒక్కోదాన్నీ పొడుగ్గా వత్తి, చాపలా చుట్టి, తొమ్మిదంగుళాల డబ్బాలో పక్కపక్కన పేర్చి, మళ్ళీ డబ్బా అంచు దాకా పొంగనిచ్చి, పైన పాలు పూసి, 180 డిగ్రీల దగ్గర అరగంట పైన. ఇరవయ్యో నిమిషంలో పైరంగు ముదిరితే అల్యూమినియం రేకు కప్పేయండి.

ఓవెన్ కొన్న కొత్తలో పైన కింద రెండు కడ్డీలూ ఎర్రగా వెలగడం చూసి అత్తయ్యగారు నవ్వారు. ‘‘ఇదేం కొత్తే! మా అమ్మ కుంపటి మీద దాక పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి దిబ్బరొట్టె కాల్చేది. కింద ఎర్రగా, పైన ఎర్రగా. దానికి కరెంటు బిల్లు కూడా లేదు’’ అన్నారు. ఆవిడకి నా బ్రెడ్ కంటే ఆ దిబ్బరొట్టె, పక్కన చెరుకు పానకమే ఎక్కువ. ఆ మాట నిజమే కాబట్టి నేను వాదించను. ఓవెన్లో రెండు కడ్డీలూ వేసి, పదిహేను నిమిషాలు ముందు వేడి చేసి, మధ్య అరలో పెట్టమని ఆ రోజు నుంచీ అందరికీ ఆవిడ లెక్కలోనే చెప్తున్నాను.

ఇదే ముద్దతో దిల్‌పసంద్, అంటే మధ్యలో తీపి కొబ్బరి పెట్టిన రొట్టె కూడా చేస్తాను. బేకరీల్లో పొరలు పొరలుగా వచ్చేది వేరే పద్ధతి, దానికి వెన్న మడతలు పెట్టాలి, మా ఊరి ఉక్కలో ఆ వెన్న నిమిషంలో కారిపోతుంది. నాకు ఈస్ట్ పిండితో చేసిందే ఇష్టం. కోనసీమ కొబ్బరికాయ ఒకటిన్నర కోరి, చెంచా నెయ్యిలో పంచదార, యాలకుల పొడి వేసి తడి ఆరేదాకా వేయించాలి. తడి ఉంటే అడుగు పచ్చిగా ఉండిపోతుంది. దించాక గుప్పెడు టూటీ ఫ్రూటీ. (అది పచ్చి బొప్పాయి అని చెప్తే పిల్లలు ఇప్పటికీ నమ్మరు.) పిండిని రెండు పెద్ద చపాతీల్లా వత్తి, మధ్యలో ఇది పరిచి, అంచులు గట్టిగా నొక్కి, పైన ఫోర్కుతో గుచ్చి, ఇంకో ఇరవై నిమిషాలు పొంగనిచ్చి కాలిస్తే పన్నెండు ముక్కలొస్తాయి. అపార్టుమెంట్లో పిల్లలకి పన్నెండు చాలవు. వాచ్‌మన్ కూతురు మాత్రం తన ముక్క అప్పుడే తినదు, సాయంత్రం తమ్ముడు బడి నుంచి వచ్చేదాకా దాస్తుంది.

మా ఇంట్లో కార్తీకమాసమంతా కోడిగుడ్డు రాదు. అప్పుడు చక్కెరకేళి కేక్. అరటిపళ్ళు తొక్క నల్లబడేదాకా ఆగాలి, ఎవరూ ముట్టని పళ్ళే దీనికి మంచివి. మూడు పళ్ళు మెదిపి, 150 గ్రాముల బెల్లం తరుగు, అరకప్పు నూనె, అరకప్పు పెరుగు కలిపి, కప్పున్నర గోధుమపిండిలో చెంచా బేకింగ్ పౌడర్, అరచెంచా వంటసోడా జల్లించి కలిపేయడమే. సోడా పని చేయాలంటే పులుపు కావాలి, ఆ పులుపు పెరుగులో ఉంది. పెరుగు లేకుండా సోడా ఒక్కటే వేస్తే సబ్బు రుచి వస్తుంది. పిండి పడ్డాక ఎక్కువ తిప్పకూడదు, బ్రెడ్‌కి కష్టపడి తెచ్చుకున్న ఆ సాగుడు కేక్‌కి అక్కర్లేదు. 170 డిగ్రీల దగ్గర ముప్పావుగంట. బెల్లం వల్ల పైన తొందరగా నల్లబడుతుంది, మాడిందని కంగారు పడొద్దు.

ఇక్కడ ఒక మాట. ‘బెల్లంతో చేశాను, షుగర్ ఉన్నవాళ్ళూ తినొచ్చు’ అని పంచేవాళ్ళని చూస్తే నాకు భయం. పంచదారైనా బెల్లమైనా రక్తంలోకి వెళ్ళాక ఒకటే. మావయ్యగారికి ఇరవై ఏళ్ళుగా షుగర్. ఆయనకి నేను కేక్ పెట్టను. సగం గోధుమపిండి, సగం మైదాతో వాము, నువ్వులు వేసిన చప్పటి బ్రెడ్ చేస్తాను. గోధుమపిండిలో తవుడు ఉంటుంది కాబట్టి నీళ్ళు ఎక్కువ తాగుతుంది, అంత ఎత్తుగా పొంగదు కూడా. అదీ పిండిపదార్థమే కాబట్టి రోజుకి ఒక్క ముక్కే ఇస్తాను. ఆ ఒక్క ముక్కా ఆయన నాలుగుగా కోసుకుని, టీతో అరగంట తింటారు. రెండో ముక్క కోసం రాయబారం మా ఆడపడుచు ద్వారా వస్తుంది.

బిస్కెట్ల గురించి పెద్దగా చెప్పను. మా చిన్నప్పుడు సెలవుల్లో మైదా, పంచదార, డాల్డా సంచిలో పెట్టుకుని బేకరీకి వెళ్ళి చేయించుకుని, రేకు డబ్బా నిండా తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు మా అమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడల్లా ఉస్మానియా బిస్కెట్లే అడుగుతుంది, అక్కడ వీధి వీధికీ దొరికేవే. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వచ్చిన ఆ బిస్కెట్లో కిటుకంతా తీపి, ఉప్పు రెండూ తెలియడం. కాస్త కస్టర్డ్ పౌడర్, పాలపొడి వేస్తే ఆ వాసన వచ్చేస్తుంది. ఓవెన్లోంచి తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, ట్రే మీదే చల్లారితే గట్టిపడతాయి. సముద్రపు గాలికి గంటలో మెత్తబడతాయి కాబట్టి చల్లారిన మరుక్షణం బిగుతు మూత డబ్బాలోకి వెళ్ళాలి.

ఎవరికైనా బ్రెడ్ ఇస్తే రెండు మాటలు కూడా చెప్పి ఇస్తాను. వేడి మీద కొయ్యొద్దు, లోపల ఇంకా ఆవిరి ఉంటుంది, కత్తికి పిండి ముద్దలా అంటుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, ఆ చలికి బ్రెడ్ బయటకంటే తొందరగా బిరుసెక్కుతుంది. కొట్టు బ్రెడ్ కవరు మీద 282 అని నంబరుంటుంది చూడండి, అది బూజు పట్టకుండా వేసే కాల్షియం ప్రొపియోనేట్. నా దాంట్లో అది లేదు కాబట్టి కాకినాడ గాలికి మూడో రోజుకి బూజు ఖాయం. రెండు రోజుల్లో అవకపోతే ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, కావాల్సినప్పుడు తీసి పెనం మీద కాల్చుకోండి.

ఇక అందరూ అడిగే ప్రశ్న, ఏ ఓవెన్ కొనాలి అని. ఉత్త మైక్రోవేవ్‌లో బ్రెడ్ అవదు, వేడి గాలి తిప్పే కన్వెక్షన్ ఉన్నదైతే అవుతుంది. 25 లీటర్లకి తగ్గని ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన కరెంటు ఓవెన్) తీసుకుంటే తొమ్మిదంగుళాల డబ్బా పట్టి పైన పొంగడానికి చోటు మిగులుతుంది. దాని తిప్పుడు బిళ్ళ మీద 180 అని ఉన్నంత మాత్రాన లోపల 180 ఉంటుందని నమ్మొద్దు, లోపల పెట్టుకునే చిన్న థర్మామీటర్ విడిగా కొనుక్కోండి. కొనేముందు చేసి చూద్దామనుకుంటే, పాత కుక్కర్ అడుగున ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, గాస్కెట్, వెయిట్ తీసేసి అరటిపండు కేక్ చేయండి, బాగానే వస్తుంది. బ్రెడ్ అందులో ఉడుకుతుంది గానీ పైన ఎరుపు రాదు. అప్పుడు తీసి పెనం మీద బోర్లించి, అయిదు నిమిషాలు కాల్చుకోవాలి.