గండికోట దారిలో గాలి బుడగలు

డిసెంబరు చలిలో ఐదున్నరకు కర్నూలులో బయల్దేరితే డోన్ వచ్చేదాకా మా నాయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మాట్లాడలేదంటే ఇంజిన్ వింటున్నాడని అర్థం. ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు తోలిన మనిషి. డోన్‌లో ఉగ్గాని, బజ్జీ తింటూ ఉన్నట్టుండి అన్నాడు: "పొద్దున స్టార్టు చేసేటప్పుడు నాలుగు సుట్లు ఎక్కువ తిరిగిందిరా." చలికి అలాగే ఉంటుందిలే నాయనా అన్నాను. "చలికి తిరిగే తిరుగుడు యేరే" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఈ ప్రయాణం పెట్టుకున్నదే బండి కోసం. గుత్తి, తాడిపత్రి, బెలుం, గండికోట, కడప. తిరుగు దారి మైదుకూరు, నంద్యాల మీదుగా. రెండేళ్లుగా ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చిన పనులన్నీ కలిసి ఎలా నిలబడతాయో చూడాలి. ఊళ్లో పది కిలోమీటర్లు తిరిగితే పాత బండి తన గుట్టు చెప్పదు.

బండి 1996 నాటి మెర్సిడెస్ ఈ 250 డీజిల్. డబ్ల్యూ124 అంటారు. జర్మనీలో 1984 చివర్లో వచ్చిన ఒళ్లు అది. మన దేశంలో 1995లో పూణేలో టాటాల ప్లాంటులో దీని బిగింపు మొదలైంది. మెర్సిడెస్ కార్లు ఇక్కడ తయారవడం ఈ మోడల్‌తోనే మొదలు. అయిదు సిలిండర్లు, ఇరవై వాల్వులు, 2497 సీసీ, 113 గుర్రాల బలం, టర్బో లేదు. ముందు అద్దానికి ఒకటే వైపరు. అది నేరుగా ఊగకుండా మూలల దగ్గర చెయ్యి చాపినట్టు సాగి తుడుస్తుంది. వాన పడితే చిన్నపిల్లాడిలా దాన్నే చూస్తుంటాను.

2018లో కొన్నప్పుడు అందరూ ఇచ్చిన సలహా ఒకటే: పదిహేడు అంగుళాల అలాయ్ చక్రాలు వేయించు, పెద్ద స్క్రీన్ పెట్టించు, కొత్త బండిలా ఉంటుంది. నేను వినలేదు, ఇప్పటికీ వినను. ఈ బండికి 195/65 ఆర్15 టైర్లే వేస్తాను. గోడ ఎత్తున్న టైరు మన గుంతల్లో చేసే మేలు పలుచని టైరు చేయదు. ఈ బండి ఇనుము బాగా గట్టిది. ముసలిదయ్యేది రబ్బరు, ప్లాస్టిక్. అప్‌గ్రేడ్ అన్న మాటకు నా లెక్కలో మొదటి అర్థం, ఆ రబ్బరంతా మార్చి బండిని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు నడకకు తీసుకురావడం. మిగతావి ఆ తర్వాత.

అలాగే చేశాను. ఇంజిన్‌ను మోసే రబ్బరు మౌంటింగులు మార్చగానే సిగ్నల్ దగ్గర స్టీరింగ్‌లో వణుకు పోయింది. ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టుకు ముందూ వెనకా రబ్బరు డిస్కులుంటాయి, అవి పగుళ్లిచ్చి ఉన్నాయి. వాటితోపాటు సెంటర్ బేరింగు కూడా వేయించాను. ఎటూ షాఫ్టు దించాం, మళ్లీ కూలి ఎందుకు. రేడియేటరు ప్లాస్టిక్ మెడ, పై గొట్టం తగిలే చోటు, ఏళ్ల వేడికి పెళుసైపోతుంది. అది రోడ్డు మీద విరిగిందంటే నిమిషాల్లో నీళ్లన్నీ పోయి, సిలిండర్ల మీది మూత, హెడ్డు అంటాం, వంకరపోతుంది. అందుకే కారకముందే మార్చాను. స్టార్టుకు ముందు సిలిండర్లను వేడి చేసే గ్లో ప్లగ్గుల జోలికి మాత్రం తొందరపడి పోవద్దని ఈ ఇంజిన్ ఉన్నవాళ్లందరికీ చెబుతాను. మసి పట్టి హెడ్డులో బిగుసుకుపోయి ఉంటాయి, చల్లటి ఇంజిన్ మీద బలంగా తిప్పితే లోపలే విరుగుతాయి. ఇంజిన్ వేడిగా ఉండగా కొంచెం విప్పి, కొంచెం బిగించి, నూనె పోసి ఆగి, అయిదు ప్లగ్గులకు రెండు రోజులు పట్టింది. కొత్తగా నేను చేర్చింది ఒక్కటే, హెడ్‌లైట్లకు రిలే. పాత స్విచ్చు గుండా కరెంటంతా పోకుండా బ్యాటరీ నుంచి నేరుగా లైటుకు పోతుంది. రాత్రి వెలుగు కళ్లకు తెలుస్తుంది.

గుత్తి కోట దూరం నుంచే కనిపించింది. అక్కడ తిరగలేదు. తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి దర్శనం చేసుకున్నాం. సగంలో ఆగిపోయిన గోపురాల మీది చెక్కడం ముందు నాయన చాలాసేపు నిలబడ్డాడు. అక్కడి నుంచి కొలిమిగుండ్ల వైపు రోడ్డంతా నాపరాళ్ల గనులు, సిమెంటు లారీలు, తెల్లటి దుమ్ము. నా కళ్లు మీటర్ల మీదే ఉన్నాయి. వేడి 80 గీతకు కాస్త పైన కదలకుండా నిలబడింది. ఆయిల్ ప్రెషరు ముల్లు పైన 3కు అతుక్కుని ఉంది. బెలుంలో 3,229 మీటర్ల గుహ ఉంది, చూడనిచ్చేది సగం లోపే. నాయన మోకాళ్లకు ఆ మెట్లు ఎందుకని ఆయన పైనే కూర్చున్నాడు. నేను పోయి వచ్చేసరికి బానెట్ ఎత్తి పెట్టుకుని ఉన్నాడు.

"దీనికి హ్యాండ్ పంపు యాడుందిరా?"

బస్సుల్లో డీజిల్ లైనులో గాలి చేరితే చేత్తో కొట్టి తీసే ప్రైమరు ఉండేది. ఈ ఇంజినుకు లేదు, స్టార్టరు తిప్పే కొద్దీ అదే లాక్కోవాలి. ఆ మాట చెబితే ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయన అనుమానం ఎటు పోతోందో అప్పుడే నాకు అర్థం కావలసింది.

గండికోట చేరేసరికి పొద్దు వాలుతోంది. ఎర్రటి బండలను నిలువునా కోసుకుంటూ పెన్న లోయలో మెలిక తిరిగే చోట, కోట గోడ పక్కన కూర్చుంటే ఎవరికీ మాట రాదు. మాధవరాయ గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ చూశాం. రాత్రి అక్కడే టూరిజం వాళ్ల హోటల్లో పడుకున్నాం. బండిని ముక్కు పైకి ఉండేలా ఎత్తు మీద ఆపాను.

పొద్దున తాళం తిప్పాను. అయిదు సెకన్లు, పది. ఆపాను. స్టార్టరును కాసేపు చల్లారనిచ్చి మళ్లీ తిప్పాను. మూడోసారి ఒక సిలిండరు, తర్వాత రెండు, దడదడమని తెల్లటి పొగతో మొత్తం అందుకుంది. నాయన ఏమీ అనలేదు. టార్చి పట్టుకుని ఇంజిన్ పక్కనున్న పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు చూపించాడు. డీజిల్‌లో గాలి బుడగలు, ఆవగింజలంతవి, వరసగా పోతున్నాయి.

ఈ ఇంజిన్ మీద ఆ ప్లాస్టిక్ పైపుల రెండు చివర్లా సందు మూసే చిన్న రబ్బరు వలయాలు, ఓ-రింగులుంటాయి. రబ్బరు చచ్చిపోతే, పంపు లాగే వైపు కాబట్టి, ఇంజిన్ నడిచేటప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. బండి ఆగితే లైనులోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారుతుంది. ముక్కు ఎత్తి ఆపితే ఇంకా తొందరగా. కింద ఒక్క చుక్క కనపడదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. 2020 ఏప్రిల్ నుంచి మనకు వచ్చే బీఎస్6 డీజిల్‌లో, అంటే పొగ కాలుష్యం తగ్గించే కొత్త ప్రమాణం డీజిల్‌లో, గంధకం 10 పీపీఎంకు (పది లక్షల పాళ్లకు పది) తగ్గింది. గంధకం తీసే క్రమంలో డీజిల్ గుణం కూడా మారుతుంది. పాత డీజిల్‌లో ఉబ్బి బిగువుగా ఉండిన రబ్బరు, కొత్త డీజిల్‌లో కుంచించుకుపోతుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే, డీజిల్‌కు తట్టుకునే వైటాన్ రబ్బరు ఓ-రింగుల సెట్టు ఏడాది కిందటే తెప్పించి డిక్కీలో పెట్టుకున్నాను. బండి బాగా స్టార్టవుతోంది కదా, తర్వాత చూద్దాం అనుకున్నాను. నాయన ముందు ఆ పొట్లం బయటికి తీయడం నాకు కష్టమైంది.

జమ్మలమడుగులో ట్రాక్టర్లకు, లారీలకు డీజిల్ పని చేసే షాపు పట్టుకున్నాం. పెద్దాయన ఈ ఇంజిన్ ఎప్పుడూ చూడలేదన్నాడు. అయినా పైపు మీద వేలు పెట్టగానే తేల్చేశాడు: "ఇంజను బాగుండాది సార్. గాలి పీలుస్తాండాది, అంతే." కొత్త రింగులకు డీజిల్ రాసి ఒక్కొక్కటే ఎక్కించాడు. ఒక పైపు చివరనున్న ప్లాస్టిక్ లాకు ముట్టుకోగానే విరిగింది. ముప్పై ఏళ్ల ప్లాస్టిక్, ఆయన తప్పు కాదు. ఆ ముక్క తీసేసి మంచి డీజిల్ గొట్టం కోసి రెండు క్లిప్పులు బిగించాడు. నాయన సలహా మీద ఫిల్టరు విప్పి నిండా డీజిల్ పోసి పెట్టారు, గాలి తీయడానికి బ్యాటరీ అంతా ఖర్చు కాకుండా. అలా ఇద్దరు ముసలాళ్లు ఒకరి మాట ఒకరు అందుకుంటూ పని చేస్తుంటే నేను స్పానర్లు అందించాను. కొత్త పైపుల సెట్టుకు ఆ రోజే ఆర్డరు పెట్టాను.

ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా కడప చేరాం. రాత్రి కారం దోసె తిని, ఈసారి కావాలనే హోటల్ ముందున్న వాలులో ముక్కు పైకి పెట్టి ఆపాను.

పొద్దున నేను గది తాళం ఇచ్చి వచ్చేసరికి నాయన డ్రైవరు సీట్లో ఉన్నాడు. అయిదేళ్లలో ఒక్కసారి కూడా ఈ స్టీరింగ్ ముట్టుకోలేదు. ఎప్పుడిస్తానన్నా "నీ జర్మనీ బండి నాకెందుకురా" అనేవాడు. గ్లో లైటు ఆరేదాకా ఆగి తాళం తిప్పాడు. రెండు సుట్లు. ఇంజిన్ అందుకుంది. పైపు చూసి రమ్మని నాకు సైగ చేశాడు. బుడగ లేదు.

బానెట్ మూసి ఆయన వైపు వెళితే అద్దం దించి, "అటు పక్క ఎక్కు" అన్నాడు. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా వెనక నిలబడ్డ ప్రయాణికులు ఉన్నట్టే మెత్తగా ఆపుతూ, మైదుకూరు, ఆళ్లగడ్డ దాటి నంద్యాల దాకా నాకు స్టీరింగ్ ఇవ్వలేదు.