గొడుగు లేకుండా కొండ దాకా

ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు పట్టింది. ఇటలీలోని ఈ బొలోన్యాలో నవంబరు నెలంటే ఇంతే, ఎండ మొహం చూపించదు. బట్టలు ఉతికి గదిలోనే హీటర్ పక్కన ఆరేశాను. కుక్కర్‌లో పప్పూ అన్నం పెట్టుకుని తిన్నాను. సోమవారం ఇవ్వాల్సిన రిపోర్ట్ నిన్న రాత్రే పంపేశాను కాబట్టి టెన్షన్ లేదు. చాలా రోజులుగా అనుకుంటున్నట్టు, మేరీమాత గుడి ఉన్న సాన్ లూకా కొండకి నడిచి వెళ్దామని బయల్దేరాను. గొడుగు తీసుకోలేదు. ఈ ఊళ్ళో దానితో పెద్దగా పని పడదు.

గుమ్మం దాటగానే పోర్టికో. పై అంతస్తు కాలిబాట మీదికి వచ్చి ఉంటుంది, దాని కింద స్తంభాల వరస. మనం ఆ నీడన నడిచి పోవడమే. ఊరు మొత్తం మీద ఇవి 62 కిలోమీటర్లు ఉన్నాయి. 2021లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నాకు మాత్రం వాటి అందం కన్నా అవి పుట్టిన కారణం ఎక్కువ ఇష్టం. ఇక్కడి విశ్వవిద్యాలయం 1088లో మొదలైందని చెబుతారు. చదువు కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చిపడ్డారు. ఇళ్ళు చాలలేదు. దాంతో ఇంటివాళ్ళు పై గదుల్ని వీధి మీదికి పెంచి, కింద చెక్క స్తంభాలు నిలబెట్టారు. స్ట్రాడా మజ్జోరెలో కాసా ఇసొలాని అనే ఇంటి ముందు అలాంటి ఓక్ దుంగలు ఇప్పటికీ ఉన్నాయి, 13వ శతాబ్దానివి. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఒకసారి తలెత్తి చూస్తాను. ఆ దుంగల మీద నిలబడ్డ గదుల్లాంటి వాటిలోనే కదా, నాలాగా పరాయి ఊరి నుంచి వచ్చినవాళ్ళు దీపం పెట్టుకుని చదువుకుంది!

వేరే ఊళ్ళలో అయితే ఇలా వీధి మీదికి వచ్చిన ఇళ్ళని కూలగొట్టించేవారు. ఇక్కడ అందుకు సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. 1288లో, ఇల్లు కడితే పోర్టికో ఉండి తీరాలని నగర శాసనం రాశారు. స్థలం ఇంటివాడిది, మరమ్మతు ఖర్చూ అతనిదే, నడిచే హక్కు మాత్రం అందరిదీ. గుర్రం మీద వెళ్ళే మనిషి తల తగలనంత ఎత్తు ఉండాలని కూడా అందులోనే ఉంది. ఇది మొదటిసారి చదివినప్పుడు తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఇంటి వీధి అరుగు గుర్తొచ్చింది. అరుగు మాదే, కానీ ఎండన పడి వచ్చినవాళ్ళు ఎవరైనా కూర్చునేవారు, అడక్కుండానే మంచినీళ్ళు వచ్చేవి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అది పోయింది. ఇలాంటిది ఇంటివాళ్ళ మంచితనానికే వదిలేస్తే ఒక తరంతో పోతుంది, శాసనంగా రాసుకుంటే ఏడు వందల ఏళ్ళు నిలుస్తుంది. ఇది నేను గట్టిగా నమ్ముతున్నాను.

పోర్టా సారగోజ్జా అనే పాత నగర ద్వారం దగ్గర కొండ దారి మొదలవుతుంది. ఇక్కడి నుంచి గుడి దాకా 666 కమానులు, సుమారు 3.8 కిలోమీటర్లు. సగం దారి చదునే. మెలొన్‌చెల్లో కమాను దాటాక అసలు ఎక్కుడు మొదలవుతుంది, కొన్నిచోట్ల మెట్లు, కొన్నిచోట్ల నిటారు వాలు. నాకు పిక్కలు పట్టేశాయి. పక్క నుంచి డెబ్భై దాటిన ఒకాయన చేతికర్రతో చకచకా ఎక్కిపోయారు. ఒక తల్లి స్ట్రోలర్ తోసుకుంటూ ఎక్కుతుంటే వెనకనుంచి వచ్చిన కుర్రాడు ఏమీ అడక్కుండా ముందు చక్రాలు పట్టుకున్నాడు.

ఈ దారికి పైకప్పు వేయడానికి కారణం కూడా వానే. 1433లో ఎడతెరిపి లేకుండా వానలు పడి పంటలు పాడవుతుంటే, కొండమీది మేరీమాత పటాన్ని ఊళ్ళోకి ఊరేగింపుగా తెచ్చారట, వాన ఆగిందట. అప్పటి నుంచి ఏటా కిందికి తెస్తున్నారు, ఇప్పుడు మే నెలలో. ఆ ఊరేగింపు తడవకూడదని 1674లో ఈ పోర్టికో మొదలుపెట్టారు. డబ్బు చందాలుగా వచ్చింది. గొప్ప కుటుంబాలు, వృత్తుల సంఘాలు, మామూలు జనం తలా కొంత ఇచ్చారు. గోడల మీద దాతల పేర్ల పలకలు కనిపిస్తాయి. 1677లో ఒక రోజు ఊరి జనమంతా కింద నుంచి పైదాకా వరసగా నిలబడి, కట్టడానికి కావలసిన సామాను చేతులు మార్చుకుంటూ కొండెక్కించారు. ఆ వరసని ఊహించుకుంటూ ఎక్కితే కాళ్ళ నొప్పి కాస్త తగ్గినట్టనిపించింది. ఏ ఇటుక ఎవరి చేతిమీదుగా వచ్చిందో ఎవరికీ తెలియదు. నేను తడవకుండా పైకి చేరాను.

పైన చలిగాలి. ఎత్తు 300 మీటర్లకి కాస్త అటూ ఇటూ ఉంటుందంతే, అయినా రెండు వేర్వేరు దేశాలు చూసినట్టుంది. దక్షిణాన అపెనైన్ కొండలు ఒకదాని వెనక ఒకటి, మధ్యమధ్య పచ్చగా పొలాలు, ఎర్ర పెంకుటిళ్ళు. ఉత్తరాన పో నది మైదానం, చేత్తో చదును చేసినంత సమంగా వెళ్ళి మంచులో కలిసిపోయింది. ఊరివైపు అసినెల్లి గోపురం 97 మీటర్ల ఎత్తుతో తేలిగ్గానే కనబడింది. చదువు పూర్తికాకముందు దాన్ని ఎక్కితే డిగ్రీ రాదని ఇక్కడి విద్యార్థుల నమ్మకం. పక్కనున్న గరిసెండా గోపురం ఒరిగిపోవడం ఎక్కువైందని 2023లో ఆ చుట్టుపక్కలంతా మూసేశారు. అది నిలబడాలని మనసారా కోరుకుంటున్నాను. రోజూ క్లాసుకి వెళ్ళేటప్పుడు చూసే గోపురం, ఇంట్లో పెద్ద మనిషికి ఒంట్లో బాలేనట్టే ఉంది నాకు.

దిగేసరికి చీకటి పడింది. వచ్చే దారిలో రికోటా చీజ్ పెట్టిన తోర్తెల్లోని అనే పాస్తా కొనుక్కున్నాను. మాంసం తినని నాకు ఈ ఊరి వంటల్లో దొరికిన గొప్ప ఊరట అవి. అమ్మకి వీడియో కాల్ చేసి కమానులన్నీ చూపించాను, "తల తుడుచుకున్నావా?" అని అడిగింది. తడవలేదమ్మా అంటే నమ్మలేదు.

మన తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో విజయవాడ అమ్మాయి ఒకామె రాసింది. ఫిబ్రవరిలో వస్తోందట, స్కాలర్‌షిప్ వచ్చింది కానీ గది దొరకలేదట, అద్దెలు చూసి భయపడుతోంది. ఇక్కడ గది దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేను దిగిన కొత్తలో ఒక గుంటూరు అక్క తన గదిలో చోటిచ్చింది కాబట్టి బతికాను. మా గదిలో కిటికీ పక్కన ఇంకో పరుపు పడుతుంది. రూమ్మేట్ సరేనంది. రేపు ఇంటావిడని అడగాలి.